మేనేజరు గారి జనం గీత

మెస్సు నడిపే ఆవిడ పొద్దున్నే ఫోన్ చేసింది.

"అమ్మా, మేనేజరు గారు తెల్లవారుజామున నిద్రలోనే పోయారండి. ఎవరికి చెప్పాలో తెలీట్లేదు. ఆయన గదిలో గోడ మీద పెన్సిల్‌తో రాసున్న నంబరు ఇదొక్కటేనండి. మీరు ఆయనకి ఏమవుతారండి?"

ఏమీ కానని చెప్పాను. జవాబు సరైనదే కాని సరిపోలేదనిపించింది. "తెలిసినవాళ్ళం. వస్తున్నాను" అన్నాను.

ఆ రోజు జరగవలసినవి జరిగాయి. వాటి గురించి రాయను. ఆయన ఎక్కడ పుట్టారో, ఎవరి తాలూకో నాకు తెలియదు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. తెలియనివి ఊహించి నింపడం నాకు చేతకాదు. ఇది ఆయన జీవిత చరిత్ర కాదు. నేను చూసిన మేనేజరు గారు, అంతవరకే.

చూసినదంతా దాదాపు ఒకే గదిలో. రాజమండ్రి మెయిన్ రోడ్డులో బట్టల కొట్టు పక్కనుంచి నిటారు మెట్లెక్కితే షేర్ల బ్రోకరు గారి ఆఫీసు. రెండు కంప్యూటర్లు, ఒక ఆపరేటరు అమ్మాయి, గోడల వెంట ప్లాస్టిక్ కుర్చీలు. తొంభైలు వెళ్ళి రెండువేలు వచ్చిన ఆ రోజుల్లో ఆ కుర్చీలు ఖాళీగా ఉండేవి కావు. ఎరువుల కొట్టు ఆయన, రిటైరైన లెక్చరర్లు ఇద్దరు, మొక్కల నర్సరీ వదిలేసి కడియం నుంచి స్కూటరు మీద వచ్చే ఒకాయన, ఇంకా కొందరు. నేను ధవళేశ్వరం ఇరిగేషను ఆఫీసులో అకౌంట్స్ చూసి రిటైరయ్యాను. ఉన్న నాలుగు కాగితం షేర్లూ డీమ్యాట్ చేయించి కంప్యూటరు ఖాతాలోకి మార్చుకుందామని ఒకసారి వెళ్ళాను. పని అయిపోయాక కూడా వెళ్తూనే ఉన్నాను. ఇంట్లో మధ్యాహ్నాలు తెమిలేవి కావు.

మేనేజరు గారు కూర్చునేవారు కాదు. మార్కెట్టు నడుస్తున్నంతసేపూ వెనక తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడేవారు. సన్నగా పొడుగ్గా ఉండేవారు. తెల్ల ఫుల్‌హ్యాండ్స్ చొక్కా, జేబులో పెన్నుతో పాటు చిన్న టార్చిలైటు. ముప్ఫయ్యేళ్ళు సినిమా హాలు మేనేజరుగా పనిచేశారు. ఆ హాలు కళ్యాణ మండపం అయిపోయింది. యజమానులు ఈయన్ని పంపించేశారు, టార్చి మాత్రం తిరిగి ఇమ్మని అడగలేదు. వెనక వరస వెనకాల నిలబడే అలవాటు అక్కడిదే. గదిలో అందరూ తెర వంక చూస్తుంటే ఆయన చూసేవాళ్ళ వంక చూసేవారు.

"సినిమా నేనెప్పుడూ పూర్తిగా చూళ్ళేదండి. జనాన్నే చూశాను" అనేవారు.

పెళ్ళి చేసుకోలేదు. మెస్సు పైన ఒక గది, అందులో మడత మంచం. భోజనం కింద. పగలు ఉండడానికి ఈ మేడ మీద గది తప్ప ఇంకో చోటు లేదు. ఈ సంగతి ఒకసారి ఆయనే అన్నారు, ఎండలు ఎక్కువగా ఉన్నాయన్నంత మామూలుగా. "నన్ను మేనేజరు గారూ అని పిలిచే చోటు ఇదొక్కటే మిగిలిందండి."

సాయంత్రం మార్కెట్టు మూసేశాక ఆపరేటరు అమ్మాయి ఆ రోజు ధరల పట్టీ ప్రింటు తీసేది. మిగతావాళ్ళు ధర చూసుకునేవారు. ఆయన ధర ఉన్న నిలువు వరస మీద ఒక అట్టముక్క అడ్డం పెట్టి, ముందు వాల్యూమ్ చూసేవారు, అంటే ఆ రోజు ఎన్ని షేర్లు చేతులు మారాయన్నది. "ధర ముందు చూస్తే మనసు పాడైపోద్దండి. ధర పోస్టరు లాంటిది. ఎంత పెద్దదైనా అంటించొచ్చు. తెగిన టిక్కెట్లెన్నో చూడాలి."

తర్వాత గ్రాఫు కాగితం తీసేవారు. కాగితాలన్నీ వరసగా అతికించి, చుట్టచుట్టి, పాత ఫిల్ము రీలు డబ్బాలో పెట్టుకునేవారు. ఆయన గీసే పద్ధతి ఎవరైనా నేర్చుకోగలిగిందే. షేరు నిన్నటికంటే ఎక్కువ ధరకు ముగిస్తే ఇవాళ చేతులు మారిన షేర్లన్నీ నిన్నటి మొత్తానికి కలపాలి. తక్కువకు ముగిస్తే తీసెయ్యాలి. ధర మారకపోతే మొత్తం అలాగే ఉంచాలి. ఆ మొత్తాన్ని రోజుకొక చుక్కగా పెట్టి, చుక్కలు కలిపితే గీత. ఇవాళ్టి మొత్తంలోంచి పదిరోజుల కిందటి మొత్తం తీసేస్తే వచ్చేది ఊపు. ధర కదలకముందే జనం కదులుతారని, అది ఈ గీతలో ముందే కనిపిస్తుందని నమ్మకం. ఇంగ్లీషు పుస్తకాల్లో దీనికి పెద్ద పేరుంది. ఆయన జనం గీత అనేవారు.

మా పరిచయం ఒక కూడికతో మొదలైంది. ఆయన కాగితం మీదుగా చూస్తూ, "వేల స్థానంలో ఒకటి వదిలేశారండి" అన్నాను.

ఆయన పెన్సిల్ ఆపి, మళ్ళీ కూడి, నా వైపు తిరిగారు. "ఎన్నాళ్ళనుంచి చూస్తున్నారండి?"

"ఇవాళేనండి."

"అయితే పాతవాటిలో ఎన్ని వదిలేశానో!" అని మొత్తం చుట్ట నా చేతిలో పెట్టారు. వారం పట్టింది సరిచూడడానికి. ఐదు తప్పులు దొరికాయి. అప్పట్నుంచి నేను చెల్లెమ్మగారిని, సాయంత్రపు కూడిక నా పని.

గీతను నేను నమ్మలేదు. నమ్మలేదని ఆయనకే చెప్పాను. "ఒకరు కొంటేనే కదండీ ఒకరు అమ్మేది. కొన్న షేర్లూ అమ్మిన షేర్లూ ఎప్పుడూ సమానమే. మరి జనం వచ్చారని ఎలా అంటారు?"

"టిక్కెట్లు కూడా అంతేనండి. బుకింగులో అమ్మినవీ బయట కొన్నవీ సమానమే. కానీ కిటికీ దగ్గర ఎవరు తోసుకుంటున్నారు? బయటివాళ్ళా, లోపలివాళ్ళా? అదే చూడాలి."

గీతను నమ్మకుండానే కూడిక మాత్రం చేస్తూ పోయాను.

జనాన్ని అంచనా కట్టడం ఆయనకు ఊపిరి పీల్చడం లాంటిది. టిఫిన్ హోటల్లోకి తిన్నగా వెళ్ళరు. ఎదురుగా నిలబడి, ఎంతమంది పార్శిలు కట్టించుకుని వెళ్తున్నారో చూసి అప్పుడు లోపలికి వెళ్తారు. లోపల తినేవాళ్ళని లెక్కలోకి తీసుకోరు. "ఫ్యాను కింద కూర్చోడానికి వచ్చినవాళ్ళుంటారండి. పార్శిలు అలా కాదు, ఇంట్లోవాళ్ళు అడిగితేనే కడతారు." హాలు రోజుల్లో కూడా బుకింగు వైపు చూసేవారు కాదట, తిన్నగా సైకిల్ స్టాండుకు వెళ్ళేవారట. కొంతమంది నిర్మాతలు సినిమా వందరోజులు ఆడిందనిపించుకోవడానికి సొంత మనుషులతో టిక్కెట్లు కొనిపించేవారు. బుకింగు పుస్తకంలో హౌస్‌ఫుల్లు, స్టాండులో నాలుగు సైకిళ్ళు. "నన్ను మోసం చెయ్యడం కష్టమండి" అనేవారు. గొప్పగా కాదు, కాలునొప్పి గురించి చెప్పినట్టు చెప్పేవారు.

నర్సరీ ఆయనకూ ఈయనకూ రోజూ ఒకటే ఆట.

"మేనేజరు గారూ, ఇవాళ ఏ సినిమా అండి?"

"అన్నీ ఖాళీ హాళ్ళేనండి బావగారూ. మీరు వెళ్ళి మొక్కలకి నీళ్ళు పోసుకోండి."

"పోసేవాళ్ళున్నారండి. ఇక్కడ మీకు పోసేవాళ్ళే లేరని వచ్చాను."

గది మొత్తం నవ్వేది. ఆయన తలుపు దగ్గర నిలబడి నవ్వకుండా ఉండడానికి ప్రయత్నించేవారు.

ఆ గదిలో ఇంకో పద్ధతి ఉంది. ఎవరైనా కొనాలన్నా అమ్మాలన్నా చీటీ రాసి ఇవ్వాలి. ఆపరేటరు అమ్మాయి దాన్ని గట్టిగా చదివి, ఒప్పుకున్నాకే కంప్యూటర్లో కొట్టాలి. తప్పులు పడకూడదని బ్రోకరు గారు పెట్టిన నియమం అది. దానివల్ల ఎవరు ఏం కొన్నారో అందరికీ వినపడేది. మొదట్లో ఇద్దరు మేనేజరు గారి చీటీ విని, ఆయన కొన్నదే కొని, నష్టపోయి, ఆయన మీదికి వచ్చారట. అప్పుడాయన గదంతా వినేలా చెప్పారు. "నా గీత చూసుకుని కొనేవాళ్ళు ఇక్కడుంటే నేను రేపట్నుంచి రానండి. నా తప్పుకి నేనొక్కణ్ణే ఉండాలి."

ఆయన రాకపోవడం ఎవరికీ ఇష్టం లేదు. అందుచేత ఆ తర్వాత ఎవరూ ఆయన ఎదుట ఆయన కొన్నది కొనలేదు.

మా పరిచయమైన రెండేళ్ళకు ఆయన కన్ను రొయ్యల మేత కంపెనీ మీద పడింది. మన డెల్టాలోదే, చిన్న కంపెనీ. రోజుకు కొన్ని వందల షేర్లు చేతులు మారితే గొప్ప. ఒక శ్రావణమాసంలో ఆ వందలు రెండు మూడు వేలయ్యాయి. ధర పైసల్లో పైన ముగుస్తూ వచ్చిందే తప్ప అర్ధరూపాయి కూడా కదల్లేదు, గీత మాత్రం తల ఎత్తింది. మేనేజరు గారు మూడు రోజులు అట్టముక్క అటూ ఇటూ జరిపి చూసి, చీటీ రాశారు.

"మేనేజరు గారు, రొయ్యల మేత, ఐదొందలు, కొనుగోలు. ఓకేనా అండి?" అని అమ్మాయి చదివింది. ఆయన వెనకనుంచి వేలెత్తారు.

ఆ తర్వాత గీత ఆగలేదు. ఊపు రోజురోజుకీ పెరిగింది. నేను కూడుతూ పోయాను, ఆయన గీస్తూ పోయారు. ఇంకా కొన్నారు. హాలువాళ్ళు ఇచ్చి పంపిన డబ్బులో సగానికి పైగా అందులోకే వెళ్ళింది. ఆయన నడకలో కూడా తేడా వచ్చింది. మెట్లు గబగబా ఎక్కేవారు. "ఎవరో పెద్దోడు మెల్లగా పోగేస్తున్నాడండి, బొంబాయిలో. చెయ్యి తిరిగినవాడు. ధర పెద్దగా లేవనివ్వడు, సరుకు మాత్రం లాగుతున్నాడు" అని, చుట్టం గురించి చెప్పినట్టు చెప్పేవారు.

ఒకరోజు వర్షం. మేనేజరు గారు టీకి కిందికి దిగారు. నర్సరీ ఆయన మామిడితాండ్ర ముక్కలు పంచుతూ, "తీసుకోండి మేడంగారూ, మన మేత మళ్ళీ పెరిగింది" అన్నాడు.

"మన అంటే?"

ఆయన నాలిక్కరుచుకున్నాడు. "ఆయ్... కొద్దిగానండి. మా బావమరిది కూడానండి. మేనేజరు గారికి చెప్పకండేం. ఆయన టీకెళ్ళినప్పుడు, చీటీ పైకి చదవొద్దని అమ్మాయికి చెప్పి కొన్నాను. ఎదురుగా కొంటే బాధపడతారు కదండీ."

నేను ఎరువుల కొట్టు ఆయన పక్కకు వెళ్ళి అడిగాను. "నేనొక్కణ్ణేనండి" అన్నాడు. పెద్ద లెక్చరరు గారిని అడిగాను. "నేనొక్కడినేనమ్మా, ఎవరికీ అనకు" అన్నారు. ఆపరేటరు అమ్మాయిని అడిగితే ఏడుపు మొహం పెట్టింది. "అందరూ ఎవరికీ చెప్పొద్దన్నారండీ. ఎవరితో చెప్పనండీ?"

అందరినీ అడిగి, కూడి, ఆ కాలపు ధరల పట్టీలు ముందు పెట్టుకుని పోల్చాను. రెండుసార్లు చేశాను. ఆ రెండు నెలల్లో చేతులు మారిన షేర్లలో సగానికి పైగా కొన్నది ఈ గదే. మిగిలిన సగంలో పెద్ద వాటా మేనేజరు గారిదే. బొంబాయిలో ఎవరూ లేరు. ఆయన కొనడం విని వీళ్ళు కొన్నారు, వీళ్ళు కొనడం గీతలో చూసి ఆయన ఇంకా కొన్నారు. ఆయన మీది మర్యాద కొద్దీ దాచారు. ఆ మర్యాదే లేకపోతే మొదటి వారంలోనే బయటపడేది.

మర్నాడు కూడా వానే. మేనేజరు గారు టీ తాగి పైకి వస్తుంటే మెట్ల మలుపులో ఆపాను.

"ఒక మాటండి. ఆ గీతలో ఉన్న జనం మనవాళ్ళే."

ఆయనకు అర్థం కాలేదు. లెక్క చెప్పాను. మెట్ల మీద వెలుతురు లేదు. జేబులోంచి టార్చి తీసి వెలిగించి, ఆర్పి, మళ్ళీ జేబులో పెట్టుకున్నారు.

"నర్సరీ ఆయన కూడానా?"

"వాళ్ళ బావమరిది కూడా."

నవ్వారు. చాలాసేపు నవ్వి, గోడకు ఆనుకున్నారు. "సొంత మనుషులతో టిక్కెట్లు కొనిపించే నిర్మాతల్ని ఎంతమందిని పట్టుకున్నానండి నేను! చివరికి నా సినిమాకి నా వాళ్ళే..." నవ్వు ఆగిపోయింది. "ఎవరో ఉన్నాడనుకున్నానండి అక్కడ. రోజూ సాయంత్రం వాడూ నేనూ ఎదురెదురుగా కూర్చున్నట్టే ఉండేది."

నాకు ఓదార్చడం రాదు. వచ్చింది చెప్పాను. "మీరు ముందు అమ్ముకోండి. ఎవరికీ చెప్పక్కర్లేదు."

"అమ్మితే?"

"అందరికంటే మీవే ఎక్కువ. ధర పడిపోతుంది. వాళ్ళు ఇరుక్కుంటారు."

"చెబితే?"

"అందరూ ఒకేసారి తలుపు దగ్గరికొస్తారు. మీరు ఇరుక్కుంటారు. గదిలో మీ మాటకి విలువ కూడా ఉండదు."

"మాట పోతే ఇక ఏ మొహంతో నిలబడతానండి అక్కడ" అని, కాసేపు కిందికీ పైకీ చూశారు. కింద వాన, పైన ఆ గది. పైకే వెళ్ళారు.

మర్నాడు మార్కెట్టు తెరవకముందే వచ్చారు. మొదటిసారి తలుపు దగ్గర కాకుండా, తెర ముందుకొచ్చి అందరి వైపూ తిరిగి నిలబడ్డారు. ఎవరినీ తప్పు పట్టలేదు. లెక్క చెప్పి, నేను చేసిందని చెప్పి, తర్వాత ఇలా అన్నారు.

"హాలు ఖాళీ చేసేటప్పుడు నాలుగు తలుపులూ ఒకేసారి తియ్యకూడదండి. తొక్కిసలాటై పోతారు. ముందు నేల, తర్వాత బెంచీ, తర్వాత కుర్చీ, చివర బాల్కనీ. ఇక్కడా అంతే. తక్కువున్నవాళ్ళు ముందు. రోజుకి కొన్నే. ఎవరి వంతు ఎప్పుడో నేను చెప్తాను. చెల్లెమ్మగారు లెక్క చూస్తారు."

నర్సరీ ఆయనే ముందు నోరు తెరిచాడు. "అయితే నేను బాల్కనీనా అండి?"

"మీరు కుర్చీయండి బావగారూ. మీ బావమరిది బాల్కనీ."

"చూశారా, ఇక్కడ కూడా వాడే పైన!"

అందరూ నవ్వారు. ఎరువుల కొట్టు ఆయన మాత్రం, "అంత నమ్మకంగా గీశారు కదండీ మరి" అన్నాడు మెల్లగా. మేనేజరు గారు విన్నారు. "మరేనండి" అన్నారు.

దసరా వెళ్ళి దీపావళి దగ్గరపడేదాకా పట్టింది. అమ్మాయి రోజూ ఒకటో రెండో చీటీలు చదివేది. ధర మెల్లగా దిగింది, విరిగిపడలేదు. చాలామంది కొన్న ధరకే బయటపడ్డారు, కొందరు కొద్దిగా నష్టపోయారు. లెక్కగా చూస్తే అంత చక్కగా ఖాళీ అయిన హాలు ఇంకోటి ఉండదు.

చివరికి ఆయన వంతు. చీటీ రాసి చేతిలో పట్టుకున్నారు, ఇవ్వలేదు.

"ఇవ్వండి మరి" అన్నాను.

"ఇన్నాళ్ళూ మనవాళ్ళవి కొన్నది ఎవరండీ?"

"ఎవరో."

"ఎవరో కాదండి. మనం గీత లేపాం. ఏ ఊళ్ళోనో, ఇలాంటి మేడ మీదే, నాలాంటి ముసలాడొకడు అది చూసి జనం వస్తున్నారనుకున్నాడు. వాడికి లెక్క చెప్పే చెల్లెమ్మ లేదు."

"అది మీ ఊహండి."

"ఊహేనండి."

"అమ్మినవి ఎలాగూ అమ్మేశాం. మీవి ఉంచుకుంటే అతనికి ఒరిగేదేముంది?"

"ఏమీ లేదండి. మనవాళ్ళవి వాడికి అంటగట్టింది చాలు. నావి కూడా వెయ్యలేను." చీటీ మడిచి టార్చి పక్కన జేబులో పెట్టుకున్నారు. ఆ మాటలో లెక్క ఎక్కడా లేదు. వాదించడానికి అందుకే చోటు దొరకలేదు.

ఆ తర్వాత గదిలో ఎవరూ ఆయనతో గొడవ పడలేదు. మా వైపు మనుషులు కోపం వస్తే మర్యాద పెంచుతారు. మెట్లెక్కి వస్తే "రండి రండి, కూర్చోండి" అని లేచి కుర్చీ ఇచ్చేవారు. మునుపు ఎవరూ ఇచ్చేవారు కాదు. ఎండ గురించి, వాన గురించి, గోదావరిలో నీళ్ళ గురించి మాట్లాడేవారు. షేర్ల మాట ఆయన వినకుండా మాట్లాడుకునేవారు. ఇవాళ ఏ సినిమా అని నర్సరీ ఆయన అడగడం మానేశాడు. చెడ్డవాడు కాదు, ఏమనాలో తెలియక మానేశాడనుకుంటాను. బావమరిదికి పోయినది కూడా తానే కట్టుకోవలసి వచ్చిందని తర్వాత విన్నాను.

"ఇప్పుడు నన్ను 'ఏవండీ' అంటున్నారండి, గమనించారా?" అన్నారు ఒకసారి. గమనించాను. అంతకంటే ఎక్కువగా గమనించింది, ఆయన కూర్చోవడం. ఎవరో ఇచ్చిన కుర్చీలో, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, అందరితో పాటు తెర వంకే చూస్తూ కూర్చునేవారు.

రొయ్యల మేత మాత్రం గీస్తూనే ఉన్నారు. వేలు వందలయ్యాయి, వందలు పదులయ్యాయి. చెరువుల్లో తెగులు వచ్చింది, మేత అడిగేవాళ్ళు లేరు. పట్టీలో ఆ షేరు ఎదుట అంకె పోయి అడ్డగీత వచ్చింది. అంటే ఆ రోజు ఒక్క షేరు కూడా చేతులు మారలేదు. అయినా ఆయన చుక్క పెట్టి, నిన్నటి చుక్కతో కలిపేవారు. రోజూ కలుపుతూ పోతే అది కాగితం మీద బల్లపరుపుగా, పంటకాలువ గట్టులా సాగింది. నేను కూడడానికి ఏమీ ఉండేది కాదు. పక్కన కూర్చునేదాన్ని.

"నెలాఖరు నుంచి రావడం మానేద్దామనుకుంటున్నానండి చెల్లెమ్మగారూ. కూడేదేమీ లేదు. మిమ్మల్ని కూడా ఊరికే కూర్చోబెడుతున్నాను."

"పగలు ఎక్కడుంటారు?"

"గదిలోనండి."

"గదిలో ఏం చేస్తారు?"

ఆయన రీలు డబ్బా మూత తీసి, మళ్ళీ బిగించారు.

గోకవరం బస్టాండు వైపు ఇంకో బ్రోకరు ఆఫీసు ఉండేది. నేను అక్కడ ఖాతా తెరిచాను. రొయ్యల మేత పది షేర్లు కావాలంటే, అక్కడి ఆయన కళ్ళజోడు తీసి నన్ను చూశాడు. "అమ్మా, అది ఎవరూ ముట్టుకోవట్లేదండి." తెలుసునన్నాను. అమ్మేవాళ్ళకు కొదవ లేదు. వెంటనే దొరికాయి.

ఆ సాయంత్రం పట్టీలో అడ్డగీత పోయి పది అని పడింది. మేనేజరు గారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. తర్వాత ధర చూసి, వెనక్కి జారబడ్డారు. "పాత ధరకేనండి. కలపడానికి లేదు." పద్ధతి పద్ధతే. బల్లపరుపు గీతనే ఇంకో గడి పొడిగించారు. "అయినా ఎవరో ఉన్నారండి" అన్నారు పెన్సిల్ పక్కన పెడుతూ.

పద్ధతి నాకూ తెలుసు. నేను ఆలోచించకుండా చేసిన పని అది. మర్నాడు మళ్ళీ గోకవరం బస్టాండుకు వెళ్ళాను. నిన్నటికంటే పైన ముగియాలంటే ఏం చెయ్యాలని అడిగాను. కింది ధరకు అమ్మకానికున్నవన్నీ తీసుకుంటే పై మెట్టు వస్తుందన్నాడు ఆయన. తీసుకున్నాను. మొత్తం నలభై రెండు షేర్లు. ఆఖరివి పది పైసలు ఎక్కువకు.

సాయంత్రం ఆఫీసులో మేమిద్దరం, ప్రింటు చింపుతున్న అమ్మాయి, అంతే. మిగతావాళ్ళు వెళ్ళిపోయారు.

"నలభై రెండు" అన్నారు. "పది పైసలు పైన ముగిసిందండి."

"అయితే కలపాలి."

"కలపాలి." పెన్సిల్ చేతిలోకి తీసుకున్నారు. "ఎవరంటారు?"

"ఏ ఊరివాళ్ళోనండి" అన్నాను.

ఆయన నా మొహం వంక చూశారు. జనాన్ని చూసే చూపు అది. ఆ చూపుకు ఎదురుగా కూర్చోవడం నాకు అదే మొదలు.

"ఆయ్" అన్నారు.

మొత్తం నేనే కూడి చెప్పాను. ఆయన కాగితం పరిచారు. ఆ గ్రాఫులో చిన్న గడి ఒక్కటీ వెయ్యి షేర్లు. నలభై రెండు షేర్లంటే పెన్సిల్ మొన మందం కూడా కాదు. ఆయన బ్లేడు తీసి, పెన్సిల్ ఎంత సన్నగా చెక్కవచ్చో అంత సన్నగా చెక్కారు. చుక్క పెట్టి, నిన్నటి చుక్క నుంచి దానికి గీత లాగి, కాగితాన్ని కిటికీ వెలుతురులోకి ఎత్తి పట్టుకున్నారు.

"లేచిందంటారా?"

"లెక్క ప్రకారం లేచిందండి."

ఆయన కాగితం జాగ్రత్తగా చుట్టి డబ్బాలో పెట్టి, మూత బిగించి, కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"అయితే రేపు కూడా వస్తానండి" అన్నారు.